తాళం కప్ప – గొళ్లెం

పిల్లలూ! ఊరికి వెళ్లేటప్పుడు తలుపుకు పెద్ద తాళం కప్ప వేసి, రెండుసార్లు లాగి చూస్తారు మీ నాన్నగారు. కాని దొంగ చూసేది కప్పను కాదు, గొళ్లాన్ని!

1861లో లైనస్ యేల్ పేటెంటు పొందిన పద్ధతి నేటి తాళాలలో చాలావాటికి ఆధారం. లోపల చిన్న చిన్న పిన్నులు వరుసగా ఉంటాయి. సరైన తాళంచెవి పెడితేనే అవన్నీ తగిన ఎత్తుకు లేచి, తాళం తిరుగుతుంది. దీనితో పెనుగులాడటం కంటె, ఇనుపకడ్డీతో గొళ్లెం పెకలించడం దొంగకు సులభం.

అర అంగుళం మరమేకుల మీద నిలిచిన గొళ్లానికి ఎంత ఖరీదైన కప్ప వేసి ఏం లాభం? ద్వారబంధంలో లోతుగా దిగే పొడవాటి మరమేకులు వేయించాలి. తాళంచెవి పూలకుండీ కింద దాచవద్దు. నమ్మకమైన ఇరుగుపొరుగువారికి ఇవ్వండి.

ఈ సాయంత్రమే మీ గొళ్లెం కదిలించి చూడండి. ఊగితే, పెద్దవాళ్లకు చెప్పండి!