పాఠశాల చెఱసాల యైన దేశము

మన తెలుగు సభలలో ఇటీవల ఒక మాట తఱచుగ వినవచ్చుచున్నది. తెలుగు తరగతులు మూతపడుచున్నవనియు, పిల్లలకు పుస్తకములు సకాలమున అందుట లేదనియు చెప్పి చెప్పి, వక్తలు తుదకు ఆవేశముతో ‘ఇది జాతిహత్య’ అని ముగించుచున్నారు. సభ చప్పట్లు కొట్టుచున్నది. మేమును ఆ సభలలో కూర్చుండువారమే. ఆ కష్టములు నిజమైనవే. కాని ఆ మాట మాత్రము వేఱొకరిది. వారు దానికి చెల్లించిన మూల్యమేమో తెలిసినచో అది మన నోట అంత సులభముగ రాదని మా నమ్మకము.

ఈ విషయమునకు తెలుగులో మనము వాడు పదములు కూడ సరిపోవు. పత్రికలవారు ‘మారణహోమము’ అందురు, ‘నరమేధము’ అందురు. హోమమునకును మేధమునకును ఒక దేవత, ఒక విధి, ఒక ఫలము ఉండును. మనుష్యులను గోతియొద్ద మోకాళ్ళపై కూర్చుండబెట్టి కఱ్ఱలతో, ఇనుప కడ్డీలతో మోది చంపుటలో ఏ దేవత యున్నది? యూదు న్యాయవాది రాఫెల్ లెమ్కిన్ 1944లో ఈ నేరమునకు ప్రత్యేకముగ ఒక పేరు కల్పించెను. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దానిని ఒడంబడికలో చేర్చినది. ఒక దేశీయ సమూహమును గాని, తెగను గాని, వర్ణమును గాని, మతస్థులను గాని పూర్తిగనో కొంతవఱకో నిర్మూలింపవలెనను సంకల్పముతో చేయు పనియే ఆ నేరము. రాజకీయ పక్షములు, ఆర్థిక వర్గములు ఆ నిర్వచనములో లేవు. వానిని చేర్చరాదని పట్టుబట్టిన దేశములలో సోవియట్ రష్యా యొకటి.

మన పిల్లలు ఈ నేరమును అర్థము చేసికొనుటకు కంబోడియా చరిత్రకంటె తగిన పాఠము లేదని మా యభిప్రాయము. ఆ దేశము మనకు అంత పరాయిది కాదు. దాని లిపి పల్లవుల లిపినుండి పుట్టినది. ‘అంగ్కోర్’ అను పేరు మన ‘నగర’ శబ్దమే. ఉపాధ్యాయుని వారు ‘క్రూ’ అందురు. అది ‘గురు’ శబ్దము. 1986 మొదలు 1993 వఱకు అంగ్కోర్ వాట్ ఆలయమును మరమ్మతు చేసినవారు మన భారత పురావస్తు శాఖవారే.

1975 ఏప్రిల్ 17న ‘ఖ్మేర్ రూజ్’ అనగా ఎఱ్ఱ ఖ్మేరులు అను కమ్యూనిస్టు సైన్యము రాజధాని నోంపెన్ నగరమును పట్టుకొనెను. యుద్ధము ముగిసినదని జనులు వీధులలోనికి వచ్చి సంతోషించిరి. ఆ దినముననే నగరము ఖాళీ చేయవలెనని ఆజ్ఞ వెలువడినది. అమెరికా విమానములు బాంబులు వేయనున్నవనియు, రెండు మూడు దినములలో తిరిగి రావచ్చుననియు చెప్పిరి. ఇరువది లక్షలకు తక్కువ కాని జనులు నడివేసవి యెండలో నడచిపోయిరి. ఆసుపత్రులలోని రోగులను కూడ మంచములతో తోసికొని పోవలసివచ్చెను. ఆ మూడు దినములు మూడేండ్ల ఎనిమిది నెలలైనవి.

ఆ కాలములో నాణెము లేదు, అంగడి లేదు, తపాలా లేదు, న్యాయస్థానము లేదు. భిక్షువుల కాషాయములు ఊడదీసిరి. బడులు మూసిరి. ఏలువాడెవడో జనులకు తెలియదు; ‘అంగ్కార్’ అను ఒక పేరు మాత్రము వినబడుచుండెను. సంస్థ యని దాని యర్థము; మన ‘అంగ’ శబ్దమే దాని మూలము. తమది కమ్యూనిస్టు పక్షమని కూడ 1977 సెప్టెంబరు వఱకు వారు బయటపెట్టలేదు. పల్లెవారు ‘పాతజనులు’, నగరమునుండి వచ్చినవారు ‘కొత్తజనులు’. కొత్తవారు బ్రదికినను లాభము లేదు, చచ్చినను నష్టము లేదని వారి ముఖముననే చెప్పుచుండిరి.

తెలుగు చెప్పువారము గనుక భాషకు పట్టిన గతి మమ్మెక్కువగ బాధించినది. ఖ్మేర్ భాషలో భోజనము చేయుటకే ఎదుటివాని స్థాయినిబట్టి వేర్వేఱు క్రియలు గలవు. మన ‘తినుట’, ‘ఆరగించుట’ వలె. అవి యన్నియు పోయి పల్లెవాడుకలోని ఒక్క మాట మిగిలినది. వరుస పిలుపుల స్థానమున అందఱును ‘మిత్’ అనిపించుకొనిరి; అది మన ‘మిత్ర’ శబ్దమే. ఎంత చక్కని పదము ఎంత చేదు పనికి వచ్చినది! పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి దళములుగ పనికి పంపిరి. రాత్రివేళ గుడిసెల క్రింద నిలిచి పెద్దలు ఏమి మాటలాడుకొనుచున్నారో విని చెప్పుట పిల్లలకు అప్పగింపబడిన ఒక యుద్యోగము.

1976 ప్రణాళికలో ఎకరము రెండున్నరకు, అనగా హెక్టారుకు, మూడు టన్నుల వడ్లు పండవలెనని వ్రాసిరి. అది కావలసినది నేల కాదు, కాగితము. పండలేదని చెప్పినవాడు ద్రోహి యగును గనుక అధికారులు పండినదనియే లెక్క చూపిరి; ఆ లెక్క ప్రకారము ధాన్యమును ప్రభుత్వము ఎత్తుకొనిపోయెను. కొంత చైనాకు కూడ ఎగుమతి యైనది. పండించినవారికి మిగిలినది గంజినీళ్ళు. దాదాపు ఎనుబది లక్షల జనులలో పదునైదు మొదలు ఇరువది లక్షలవఱకు మరణించిరి. కొందఱు హత్యకును, కొందఱు ఆకలికిని, రోగమునకును, మితిమీఱిన చాకిరికిని బలియైరి. నలువదిమంది యున్న మన తరగతి గదిని తలచుకొనుడు. అందు ఎనిమిది పదిమంది ఉండరు.

తరగతి గది యనగా ఒకటి చెప్పవలసియున్నది. నోంపెన్‌లోని తువోల్ స్లెంగ్ అను చెఱసాల అంతకుముందు ఉన్నత పాఠశాల. మన బడివలెనే అంతస్తులు, వరండాలు, ఎదుట ఆటస్థలము. తరగతులను ఇటుకగోడలతో చిన్న చిన్న కొట్లుగ చీల్చిరి. వరండాలకు ముండ్లతీగ కట్టిరి. వ్యాయామమునకు నాటిన కఱ్ఱదూలము చిత్రహింసకు పనికివచ్చినది. పండ్రెండువేలకు పైగా మనుష్యులు లోనికి పోగా బ్రదికి బయటపడినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది. వన్ నాథ్ అను చిత్రకారుడు నాయకుని బొమ్మలు వ్రాయగలవాడగుటచే బ్రదికెను. ఆ చెఱసాల అధికారి ‘దుయిక్’ అనబడు కాయింగ్ గెక్ ఇయావ్ పూర్వము గణితోపాధ్యాయుడు. పోల్ పాట్ అను పేరుతో దేశమునేలిన సలోత్ సార్ పారిసులో చదివివచ్చి నోంపెన్‌లో పాఠములు చెప్పినవాడే. ఇయెంగ్ సారీ, సోన్ సేన్ కూడ బడిపంతుళ్ళే. మా వృత్తివారి చేతనే బడులు మూతపడినవి. ఉపాధ్యాయులలో అధిక సంఖ్యాకులు ఆ యేండ్లలోనే నశించిరి. చదువు మనుష్యుని మంచివానిని చేయునని మేము ప్రతి వార్షికోత్సవమునను చెప్పుచుందుము. ఇంకమీద కొంచెము ఆలోచించి చెప్పవలసియుండును.

ఇప్పుడు అల్పసంఖ్యాకుల మాట. కంబోడియాలో చామ్‌లను ఇస్లాము మతస్థులు శతాబ్దములుగ ఖ్మేరుల నడుమ నివసించుచు ఇంట తమ భాష మాటలాడుకొనువారు. మన మదుర, కోయంబత్తూరు ప్రాంతముల తెలుగువారు నాయకరాజుల కాలమునుండి ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడుకొనుచున్నట్లే. అంగ్కార్ వారికి భాష మానుమనెను, కొరాను గ్రంథములను తెచ్చి ఇమ్మనెను, స్త్రీల జుట్టు కత్తిరించెను, పంది మాంసము తినుమనెను. 1975లో కో ఫల్, స్వాయ్ ఖ్లియాంగ్ గ్రామములవారు తిరుగబడగా ఆ యూళ్ళనే నాశనము చేసిరి. తక్కినవారిని కుటుంబమునకొక దిక్కుగ చెదరగొట్టిరి. రెండున్నర లక్షల చామ్‌లలో మూడవవంతుకు పైగా నశించిరని చరిత్రకారుల అంచనా. వియత్నామీయులలో లక్షకు పైగా 1975లో తఱుమబడిరి. మిగిలినవారిలో బ్రదికినవారు లేరనియే చెప్పవచ్చును. చైనీయులు పట్టణవాసులగుటచే సగముమంది పోయిరి.

ఇట్లేల జరిగినది? ఒక కారణము చెప్పి చేతులు దులుపుకొనుట మాకిష్టము లేదు. 1969 మొదలు 1973 వఱకు అమెరికా ఆ పల్లెలపై ఐదు లక్షల టన్నుల బాంబులు వేసినది. 1970లో సిహానూక్‌ను తొలగించి వచ్చిన లోన్ నోల్ ప్రభుత్వము లంచములలో మునిగినది. కోపముతో నున్న పల్లెపిల్లలు ఎఱ్ఱ ఖ్మేరులకు సైనికులుగ దొరకిరి. అయినను బాంబులు పడిన దేశములన్నియు ఇట్లు చేయలేదు. లావోసు చేయలేదు. నాయకుల తలలోని సిద్ధాంతమును విడిచి ఈ కథ చెప్పలేము. చరిత్ర నడక తమకు తెలియుననియు, దానికి అడ్డువచ్చువాడు మనుష్యుడు కాదు, పురుగనియు వారు నమ్మిరి. రష్యాలో స్టాలిన్ 1932, 1933లలో యుక్రెయిను రైతుల ధాన్యము లాగికొనినపుడును, చైనాలో 1958 పిదపటి మహాక్షామములోను ఇదే నమ్మకము పనిచేసినది. ప్రశ్నించు పత్రిక లేదు, ఆపగల న్యాయమూర్తి లేడు. పంట తగ్గినపుడు ప్రణాళిక తప్పని ఒప్పుకొనక ద్రోహులను వెదకిరి. తువోల్ స్లెంగ్‌లో చచ్చినవారిలో అధికులు వారి పక్షమువారే యనుట ఆశ్చర్యము కాదు.

కోయంబత్తూరు మిల్లులలో ఎఱ్ఱజెండా పట్టి కూలి పెంచుకొనిన కుటుంబములు మన తల్లిదండ్రులలో నున్నవి. వారికీ వ్యాసము నొప్పి కలిగించునేమో. ఎనిమిది గంటల పనిదినము కోరినవానికిని పోల్ పాట్‌కును సంబంధము అంటగట్టుట అన్యాయము. 1979 జనవరి 7న నోంపెన్ చొచ్చి ఆ పాలన ముగించినది వియత్నాము కమ్యూనిస్టు సైన్యమే. కాని ‘అది అసలైన కమ్యూనిజము కాదు’ అని ఒక్క మాటతో తప్పించుకొనుటయు మాకు సమ్మతము కాదు. వేఱు మతము పేరున జరిగిన హింసకు ఆ మతస్థులు అట్లే చెప్పినపుడు మనమొప్పుకొనుచున్నామా?

న్యాయము మాత్రము మిక్కిలి ఆలస్యముగ వచ్చెను. పడద్రోయబడిన పిదపకూడ ఐక్యరాజ్యసమితిలో కంబోడియా ఆసనము ఏండ్ల తరబడి ఆ పాలకుల పక్షముననే యుండెను. మన దేశము 1980లో కొత్త ప్రభుత్వమును గుర్తించినది. ఆ విషయమున మనము సిగ్గుపడవలసినది లేదు. పోల్ పాట్ 1998లో అంతర్జాతీయ న్యాయస్థానము ఎదుట విచారణ లేకయే మరణించెను. 2018 నవంబరులో ప్రత్యేక న్యాయస్థానము చామ్‌ల, వియత్నామీయుల విషయమున నువోన్ చియాను, వియత్నామీయుల విషయమున ఖియూ సంఫాన్‌ను జాతిహత్యానేరస్థులుగ నిర్ణయించెను. సంఫాన్ శిక్ష 2022లో ఖాయమైనది. చచ్చిన ఖ్మేరులలో అధిక సంఖ్యాకుల విషయము మాత్రము ఒడంబడికలోని ఆ లోపముచే వేఱు నేరముగ లెక్కకు వచ్చినది.

మన సంగతికి వత్తము. మనకు రాజ్యాంగమున 29, 30 అధికరణములు గలవు. 1956 సవరణచే చేరిన 350-ఎ గలదు. 2006 తమిళ బోధన చట్టము మన పిల్లలకు ఇబ్బంది కలిగించినపుడు న్యాయస్థానమునకు పోయి కొన్ని సంవత్సరములు మినహాయింపు పొందినాము. పోరాడుదము, అర్జీలు వ్రాయుదము. అన్యాయమును అన్యాయమందము. జాతిహత్య అనవద్దు.

ఇంత క్రూరమైన విషయము పిల్లలకేల చెప్పవలెనని తల్లిదండ్రులు అడుగవచ్చును. తొమ్మిదవ, పదవ తరగతులకు చెప్పవలెననియే మా కోరిక. కంబోడియాలో 2007 మొదలు ఉన్నత పాఠశాలలకు ఈ చరిత్రపై ప్రత్యేక పుస్తకమున్నది. తువోల్ స్లెంగ్ ఇప్పుడు ప్రదర్శనశాల. 2025లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. అక్కడ చచ్చినవారి ఛాయాపటములు గోడలనిండ నున్నవి. కావలివారి పటములును కలవు. వారిలో పలువురు ఇరువదియేండ్లు నిండని పల్లెటూరి బాలురు.