బీడు అనే తిట్టు

నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులో గడ్డి ఉంది, కృష్ణజింకలున్నాయి. ఎవరి కోసమైతే 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారో ఆ బట్టమేక పిట్టే లేదు. కాలువ నీళ్లొచ్చి చుట్టుపక్కల పైర్లు మారాయి, వేట సరేసరి. నా అనుమానం మాత్రం మన మాటల మీద. పేరులోనే ‘అరణ్యం’ పెట్టాం. అక్కడేమో అరణ్యం లేదు, ఉండకూడదు కూడా! చెట్టు లేని నేలను రికార్డుల్లో బంజరు అని రాసుకుంటాం, బీడని తీసిపారేస్తాం, వానలు పడగానే మొక్క నాటి ఫొటో దిగుతాం. ఆ పిట్ట గూడు కట్టదు. మామూలుగా ఒక్కటే గుడ్డు, అదీ వట్టి నేల మీద. నక్క వస్తుంటే దూరం నుంచే కనబడాలి దానికి; మనం పుణ్యమని పెంచిన చెట్టు దాని చూపుకి అడ్డం. పోనీ వాతావరణం కోసమంటారా, గడ్డి తన కార్బన్‌లో ఎక్కువ భాగం వేళ్లలోనూ మట్టిలోనూ దాస్తుంది. వేసవిలో మంటొచ్చి పైన నల్లబడినా కింద మూట పదిలం. ఈసారి మొక్కల ట్రాక్టరుతో బయల్దేరేవాళ్లు, గుంత తీసే ముందు అక్కడ గొర్రెలు కాస్తున్న పెద్దాయన్ని ఒక్క మాట అడగండి. ఆయన దాన్ని బీడు అనడు, మేత అంటాడు.