కొండమీది నీటికీ ఒక నీరుగంటి కావాలి

అనంతపురం, ధర్మవరం, హిందూపురం కుర్రకారు కూడా ఇప్పుడు వీపున సంచులు తగిలించుకుని కాశ్మీరు కొండలెక్కుతున్నారు. సోనామార్గ్ దగ్గర నడక మొదలుపెట్టి, విషన్‌సర్, గడ్‌సర్, గంగాబల్ సరస్సుల దాపున గుడారాలు వేసుకుంటూ నారానాగ్‌లో దిగుతున్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ప్రాంతం మనది. ఈ నేల బిడ్డలు మంచు కరిగిన నీటిని కళ్లారా చూసి రావడం నాకెంతో సంతోషం. తప్పకుండా వెళ్లండి. వెళ్తూ వెళ్తూ మన ఊరి నీటి కట్టుబాటును కూడా వెంట తీసుకెళ్లండి.

తాగునీటి బావి గట్టున మన పల్లెల్లో బట్టలు ఉతకనివ్వరు. గొడ్లను కడిగే కుంట వేరు. చెరువు నీళ్లు ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేందుకు నీరుగంటి ఉండేవాడు. కరువు నేర్పిన క్రమశిక్షణ ఇది.

మన రాతికొండలు ఎక్కినవాళ్లకు దొనలు తెలుసు. బండ పల్లంలో వాననీళ్లు నిలుస్తాయి. ఎండలు ముదిరితే అడుగున కాస్త మట్టే మిగులుతుంది. ఇలాంటి గుంటల మట్టిలో చిట్టి రొయ్యల్లాంటి జీవుల గుడ్లు నెలల తరబడి ఎండకు ఓర్చుకుని, వాన పడగానే పొదుగుతాయి. అలాంటి దొనలో ఒక్కరు షాంపూతో తల రుద్దుకున్నా ఆ నురగ బయటికి పోయే దారి లేదు. గొర్రెలూ ఎలుగుబంట్లూ దాహానికి వచ్చేది అక్కడికే.

హిమాలయ సరస్సు ఎంత పెద్దదైనా ఇంతే సుకుమారం. ఆ చలిలో ఏదీ తొందరగా కుళ్లదు. మట్టిలో కలిసిపోతుందని రాసి అమ్మే సబ్బుకు కూడా మట్టి కావాలి, నీళ్లలో అది కరిగి మాయమైపోదు. అందుకే గుడారమైనా, గిన్నెలు కడగడమైనా, కాలకృత్యాలైనా నీటికి 200 అడుగుల దూరంలో, అంటే సుమారు 70 అంగల అవతల ఉండాలన్నది ప్రపంచమంతటా కొండ నడకల వాళ్లు పాటించే నియమం. మలవిసర్జనకు జానెడు లోతు గుంత తవ్వి పూడ్చాలి. తవ్వడానికి మట్టి లేని చోట సంచిలో కట్టుకుని దిగాలి.

మనంతట మనం హద్దు గీసుకోకపోతే కోర్టులు గీస్తాయి. రూప్‌కుండ్ సరస్సు దారిలోని బేదినీ వంటి పచ్చిక మైదానాల్లో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. వచ్చేవాళ్ల సంఖ్యకూ 200 పరిమితి పెట్టింది. జాగ్రత్తగా నడిచినవాళ్లు కూడా ఆ అవకాశం పోగొట్టుకున్నారు.

మన ప్రాంతం మీదుగా పారే పెన్న ఒడ్డున, పొరుగున ఉన్న గండికోటలో ఇప్పటికే గుడారాలు వెలిశాయి. రేపు మన కొండలకూ ఆ రద్దీ వస్తుంది. అంతకుముందే అటవీశాఖ, పర్యాటకశాఖ కలిసి బసకు తగిన చోట్లు గుర్తించాలి. అవి దొనలకు దూరంగా ఉండాలి, రాత్రికి ఇంతమందేనన్న లెక్క ఉండాలి. దారి చూపే పని అక్కడి గొర్రెల కాపరులకు ఇచ్చి కూలి కట్టివ్వాలి. ఏ దొన ఎప్పుడు ఎండుతుందో వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. కొండెక్కే ప్రతి జట్టూ బయల్దేరే ముందే తమలో ఒకరిని నీరుగంటిగా ఎంచుకోవాలి. గుడారం ఎక్కడ వేయాలో, గిన్నెలు ఎక్కడ కడగాలో ఆ మనిషి చెప్పాలి. మిగతావాళ్లు ఎదురుచెప్పకుండా వినాలి.