మన పిల్లలకు జర్మన్ ఎందుకు? గోండి, కోలామి పక్కన పెట్టకుండనే!

 

జర పొడుగు పోస్టు, ఓపికతో చదవండి. ఈ మధ్య మా హాస్టల్ల ఒక మాట మీద చర్చ గట్టిగనే నడిచింది. గురుకులాలల్ల, ఏకలవ్య స్కూళ్లల్ల చదివే మన పిల్లలకు ఆరో తరగతి నుంచి జర్మన్ నేర్పిస్తే ఎట్లుంటది అని. "ఇంగ్లిషే సక్కగ వస్తలేదు, ఇంక జర్మన్ ఎందుకు?" అని సగం మంది నవ్విన్రు. మేం మాత్రం నేర్పాలనే అంటున్నం. ఎందుకో చెప్తం.

ముందు పని సంగతి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కు పోయినోళ్ల ఇల్లు కనబడతది. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, చదవరాని కాగితం మీద సంతకం పెట్టి పోయినోళ్లు ఎంతమందో. భాష రాకుండ పోతే ఎసుంటి పని దొరుకుతదో, ఎంత జీతం వస్తదో మన జిల్లాలకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

జర్మనీ దారి వేరే. అక్కడ ముసలోళ్లు పెరిగిన్రు, పనిచేసే వయసోళ్లు తగ్గిన్రు. 2024 అక్టోబర్‌లో ఆ దేశం భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతమని ప్రకటించింది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పిస్తున్నది. కాని గేటు దగ్గర భాష నిలబడి ఉంటది. జర్మన్‌కు ఆరు మెట్లు: ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. నర్సుగా గుర్తింపు కావాలంటే మామూలుగా నాలుగో మెట్టు బీ2 దాకా ఎక్కాలె.

అసలు కిటుకు ఇక్కడనే ఉన్నది. సున్న నుంచి బీ2 దాకా రావాలంటే అదే పనిగ కూసొని చదివినా ఏడాది దగ్గర పడతది. నర్సింగ్ అయిపోయిన అక్క 22 ఏండ్లకు మొదలుపెడితే ఆ ఏడాది ఇంటికి రూపాయి రాదు. పైంగ కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు, హైదరాబాద్‌ల రూం కిరాయి. ఉన్నోళ్ల ఇంట్ల ఆ ఏడాది గడుస్తది. మన ఇండ్లల్ల గడవదు. "ఇన్నేండ్లు సదివించినం, ఇంక ఎప్పుడు సంపాదిస్తవ్ బిడ్డా" అంటరు, వాళ్ల తప్పు గూడ కాదు. అదే ఆరో తరగతి నుంచి వారానికి మూడు పీరియడ్లు చెప్తే, పదో తరగతికి సగం మెట్లు ఫీజు లేకుండనే ఎక్కినట్టయితది.

నర్సుల సంగతి ఒక్కటే కాదు. జర్మనీల ఔస్‌బిల్డుంగ్ అని ఒక పద్ధతి ఉన్నది. మన ఐటీఐ లెక్క అనుకోండి, కాని సగం క్లాసు, సగం కంపెనీల పని. నేర్చుకునేటప్పుడే స్టైపెండ్ ఇస్తరు. నర్సింగ్‌లయితే చాలాచోట్ల నెలకు వెయ్యి యూరోలు దాటుతది. బీ1 లేదా బీ2 అడుగుతరు. ఇంక పెద్ద చదువుకు పోతే, అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలల్ల ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంల మాత్రం 2017 నుంచి మనసుంటి దేశాలోళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. అయితే ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే ఖాతాల చూపియ్యాలె. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు, అంటే పది లక్షల రూపాయల పైమాటే. మన ఎస్టీ విద్యార్థులకు పీజీ, పీహెచ్‌డీ కోసం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తది. ఆ దేశాల లిస్టుల జర్మనీ ఉన్నది. మన గూడేలల్ల ఎంతమందికి ఎరుక?

"మన పిల్లలకు అంత భాష వస్తదా?" అనేటోళ్లకు ఒక్కటే మాట. ఉట్నూరు దిక్కు గోండు పిల్లగాన్ని చూడండి. ఇంట్ల గోండి, బడిల తెలుగు, పుస్తకంల ఇంగ్లిషు, అంగట్ల మరాఠీ, టీవీల హిందీ. పదేండ్లకే నాలుగైదు భాషల నడుమ తిరుగుతడు. పట్నం పిల్లలకు రెండు భాషలు వస్తే టాలెంట్ అంటరు, మనోడికి నాలుగొస్తే "తెలుగు సక్కగ రాదు" అంటరు. ఇది మన పిల్లల బలం. దీన్ని బలం అని వాళ్లకు చెప్పినోళ్లే లేరు.

జర్మన్ గూడ మరీ దూరపు భాష ఏం కాదు. ఇంగ్లిషు లెక్క రాసేదొకటి, పలికేదొకటి కాదు. స్పెల్లింగ్ పద్ధతి ఒకసారి పట్టుబడితే చాలా మటుకు చూసి చదవొచ్చు. రెండు మాటలు కలిపి కొత్త మాట చేస్తరు: గ్లౌజును హాంట్‌షూ అంటరు, అంటే చేతి బూటు. ఆస్పత్రి క్రాంకెన్‌హౌస్, రోగుల ఇల్లు. కొన్ని వాక్యాలల్ల క్రియ మన లెక్కనే చివరకు వస్తది. ఆడపిల్ల అనే మాట వాళ్ల వ్యాకరణంల నపుంసక లింగం. ఆవొచ్చింది, అమ్మాయొచ్చింది అనే మనకు అది వింత గాదు. కష్టం లేదని అనం. ప్రతి వస్తువుకు లింగం బట్టీ పట్టాల్సిందే. కాని పదేండ్ల పిల్లలకు అది ఆట, మన వయసోళ్లకు బరువు.

ఇంక పెద్ద అనుమానం: "మన భాషే పోతుంటే విదేశీ భాష నెత్తిన పెడ్తరా?" ఈ ప్రశ్న అడిగినోళ్లంటే మాకు గౌరవం. జవాబు మన మార్లవాయిలనే ఉన్నది. హైమన్‌డార్ఫ్ 1909ల వియన్నాల పుట్టిండు, ఆయన మాతృభాష జర్మన్. 1940ల కుమ్రం భీం జోడేఘాట్‌ల అమరుడైనంక, నిజాం సర్కారు ఆయనను గోండుల పరిస్థితి చూడమన్నది. ఆయన గోండి నేర్చుకున్నడు. 1943ల మార్లవాయిల గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించిండు, ముందు గోండిల పాఠం చెప్పాలె, తర్వాత వేరే భాష అన్నడు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి గూడ మార్లవాయిలనే ఉన్నది. ఎక్కడో వియన్నా మనిషి మన భాష నేర్చుకుంటే ఆయన భాష పోలేదు. మనం ఆయన భాష నేర్చుకుంటే మనది ఎందుకు పోవాలె? అమ్మ భాషల గట్టిగ పునాది పడ్డోళ్లకే ఇంకో భాష తొందరగ వస్తది. గుంజాల గోండి లిపికి 2018ల యూనికోడ్‌ల చోటు దొరికింది. ఆ లిపి బడిలకు రావాలె, జర్మన్ గూడ రావాలె. ఒకటి కోసి ఇంకోటి పెట్టుడు మాకు ఇష్టం లేదు.

జాగ్రత్తలు గూడ ఉన్నయి. కేంద్రీయ విద్యాలయాలల్ల 2011ల గోథే ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం చేసుకొని జర్మన్ మూడో భాషగ నేర్పిన్రు. 2014 నవంబర్‌ల చదువు నడుమనే దాన్ని తీసి సంస్కృతం పెడ్తమన్నరు, వేలమంది పిల్లలు ఆగమైన్రు. అందుకే మన దగ్గర తెలుగు, హిందీ, ఇంగ్లిషుల జాగల కాకుండ, ఇష్టమున్నోళ్లకు అదనంగ, మార్కుల భయం లేకుండ ఉండాలె. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ స్థాయిల జర్మన్ లాంటి విదేశీ భాషలు నేర్పొచ్చని రాసింది. హైదరాబాద్ ఇఫ్లూల జర్మన్ చదివినోళ్లు బయటికి వస్తనే ఉన్నరు, టీచర్లు దొరకరనే మాట పూర్తిగ నిజం కాదు. ముందు నాలుగైదు గురుకులాలల్ల మొదలుపెట్టి చూడాలె.

అందాక మనం చెయ్యగలిగింది మనం చేద్దాం. డాయిష్ వెల్లె వాళ్ల "నికోస్ వెగ్" కోర్సు ఏ1 నుంచి బీ1 దాకా ఫోన్‌ల ఫ్రీ. ఎండకాలం సెలవులల్ల గూడేనికి పోయినప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలను కూసోబెట్టి పది మాటలు చెప్పండి. పక్కనే అవే పది మాటలు గోండిల, కోలామిల, లంబాడీల రాయించండి. "జర్మనీ పంపిస్తం, లక్షలు కట్టు" అనే ఏజెంటు వస్తే ముందు భాష మెట్టు ఏంది, కాగితం ఏంది అని అడగండి. వీసా ఇప్పిస్తమని చెప్పొచ్చు గాని, భాషను నీ నోట్ల పెట్టే ఏజెంటు ఎవడూ లేడు.

నర్సింగ్, ఐటీఐ చదివే అక్కలు, అన్నలు ఈ గ్రూప్‌ల ఉంటే మీ అనుభవం కింద రాయండి. మా మాటల తప్పుంటే సరిచెయ్యండి. నలుగురం కలిస్తే ఐటీడీఏ పీవో సార్‌కు, గురుకులం సొసైటీకి ఒక వినతిపత్రం రాసుకుందాం. రాసుడు మేం రాస్తం, సంతకాలు మీరు పెట్టండి.

జై జంగో, జై లింగో. జై ఆదివాసీ.