దొరికింది అర మిల్లీగ్రాము... మింగింది ఎంత?

విషం పెట్టారని తేల్చడం ఒక ఎత్తు. ఎంత పెట్టారో చెప్పడం మరో ఎత్తు! ఆ తేడా తెలియాలంటే 1840 నాటి ఫ్రాన్స్‌కి వెళ్లాలి.

షార్ల్ లఫార్జ్ ఓ ఇనుప కొలిమి యజమాని. పెళ్లయిన అయిదు నెలలకే, ఆ ఏడాది జనవరిలో, వాంతులతో నీరసించి కన్నుమూశాడు. భార్య మేరీ ఎలుకల కోసమంటూ ఆర్సెనిక్ తెప్పించిందని తెలిసి ఆమెను అరెస్టు చేశారు.

విచారణ సెప్టెంబరులో త్యూల్ పట్టణంలో జరిగింది. ఆర్సెనిక్ జాడ పట్టేందుకు జేమ్స్ మార్ష్ 1836లో ప్రకటించిన పరీక్ష అప్పటికి కొత్త. స్థానిక నిపుణులు దాన్నే చేసి, శవంలో విషం లేదన్నారు. దాంతో ప్యారిస్ నుంచి విషశాస్త్ర దిగ్గజం ఓర్ఫిలాను రప్పించారు. ఆయన మళ్లీ పరీక్షించి ఉందని తేల్చారు. దొరికిందెంత? దాదాపు అర మిల్లీగ్రాము! ఆ ఫలితాన్ని సవాలు చేయాల్సిన రసాయన శాస్త్రవేత్త రస్పాయ్ వచ్చేసరికి తీర్పు అయిపోయింది. మేరీకి యావజ్జీవ శిక్ష పడింది. 1852లో క్షమాభిక్షతో బయటికొచ్చినా, అదే ఏడాది చనిపోయింది.

అర మిల్లీగ్రాముతో మనిషి చనిపోతాడా? పోడు. అలాగని ఆమె నిర్దోషి అనీ కాదు. మింగిన విషంలో కొంత వాంతుల్లో పోతుంది, కొంత మూత్రంలో పోతుంది. పరీక్షకు చిక్కేది మిగిలినదాంట్లో కొంతే. అందుకే ఇప్పటి ఫోరెన్సిక్ ల్యాబుల్లో కాలేయం, మూత్రం, కడుపులోని పదార్థం... దేనికది విడిగా పరీక్షిస్తారు. గ్రాము కాలేయంలో ఎంత విషముందో చూసి, కాలేయం బరువుతో హెచ్చిస్తారు. అన్నీ కూడినా వచ్చేది 'కనీసం ఇంత' అనే లెక్కే.

రక్తం ఎక్కడ తీశారన్నదీ ముఖ్యమే. చనిపోయాక కొన్ని మందులు కాలేయం, ఊపిరితిత్తుల్లోంచి గుండెలోని రక్తంలోకి చేరతాయి. అక్కడి రక్తాన్నే నమ్ముకుంటే మామూలు మోతాదు కూడా ప్రాణాంతకంగా కనిపించొచ్చు. అందుకే తొడ దగ్గరి సిరలోంచి తీస్తారు.

ఆర్సెనిక్ అయితే వెంట్రుకలూ సాక్ష్యం చెబుతాయి. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. ముక్కలుగా కత్తిరించి పరీక్షిస్తే, విషం ఒక్కసారే వెళ్లిందా, కొన్ని నెలలుగా వెళుతోందా అన్నది తెలుస్తుంది.

ఇన్ని చూశాక కూడా మంచి నిపుణుడు బోనెక్కి 'సరిగ్గా ఇంత మింగాడు' అనడు. 'ఇంతకు తక్కువ కాదు' అంటాడు. అవతల నిలబడిన మనిషి బతుకు ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది మరి!