గూగుల్ లెన్స్‌కి తెలియని సాలీడు

‘అన్నా, నల్లమల ట్రెక్‌లో తీశాను. గూగుల్ లెన్స్ కూడా చేతులెత్తేసింది. కొత్త జాతే అయితే నా పేరు పెట్టుకోవచ్చా?’ అని ఓ కుర్రాడు సాలీడు ఫొటో పంపాడు. ఆకు మీద బియ్యపు గింజంత ప్రాణి, ముందరి రెండు కళ్లు మాత్రం టార్చిలైట్లే. రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు కాబట్టి ఈ వారం కాలమ్ మొత్తం దానికే.

ముందు చేదు మాట చెప్పేస్తా. ఫొటో ఎంత బాగున్నా సాధారణంగా దాంతో పనవ్వదు. సాలీళ్లలో రంగునీ మచ్చల్నీ నమ్మడానికి లేదు. ఒకే జాతిలో పిల్లది ఒకలా, ఆడది ఒకలా, మగది ఇంకోలా ఉండొచ్చు. అసలు ఆధార్ కార్డు జననాంగాల దగ్గరుంటుంది. మగదానికి మూతి పక్కన బాక్సింగ్ గ్లవ్స్ తొడిగినట్టు రెండు పొట్టి చేతులుంటాయి, వాటిని పాల్ప్‌లు అంటారు. ఆడదానికి పొట్ట కింద ఎపిజైన్ అనే గట్టి పలక ఉంటుంది. వీటి ఆకారం ఏ జాతికి ఆ జాతిదే. పైగా చివరిసారి కుబుసం విడిచి పెద్దదయ్యాకే ఇవి పూర్తిగా ఏర్పడతాయి. దొరికింది పిల్లదైతే మహామహులు కూడా చాలాసార్లు ‘తెలీదు’ అనే అంటారు.

కాబట్టి సాలీడు ఆల్కహాల్ సీసాలోకి వెళ్లాలి. మైక్రోస్కోప్ కింద సన్నని సూదులతో ఆ పలకను విడదీసి, లోపలి గొట్టాలు కనబడేలా శుభ్రం చేసి, బొమ్మ గీయాలి. కళ్ల మధ్య దూరం, కాళ్లలో ఒక్కో భాగం పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో కొలవాలి. ఇదంతా ఓపికుంటే అయిపోతుంది. అసలు తలనొప్పి తర్వాత మొదలవుతుంది: ఇది కొత్తదని రుజువు చేయడం.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ మ్యూజియం నడిపే ప్రపంచ సాలీళ్ల కేటలాగ్‌లో 50,000వ జాతి 2022లో చేరింది. మీ సాలీడు వాటిలో ఏదీ కాదని తేల్చాలి. దాని దగ్గరి చుట్టాల మీద నూరేళ్ల క్రితం ఎవరో నాలుగు లైన్లు రాసి, బొమ్మ కూడా వేయకుండా వదిలేసి ఉండొచ్చు. అప్పుడు ఏ లండన్ మ్యూజియం సీసాలోనో ఉన్న ఆ పాత సాలీడునే చూడాలి. నెలలు కాదు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. చివరికి ‘పాతదే’ అని తేలడమూ మామూలే.

అన్నట్టు, జంతువుల శాస్త్రీయ నామాలన్నీ 1758 నుంచే లెక్క. దానికి ఒకే ఒక్క మినహాయింపు సాలీళ్లకుంది. స్వీడన్‌కు చెందిన కార్ల్ క్లెర్క్ 1757లోనే పుస్తకం వేసి వాటికి పేర్లు పెట్టేశాడు. ఈ రేసులో సింహం కన్నా సాలీడే ముందుంది!

ఇక పేరు సంగతి. కర్ణాటకలో పడమటి కనుమల అడవిలో దొరికిన ఓ 7 మిల్లీమీటర్ల సాలీడు ఎండుటాకులా మోసం చేస్తుంది. ఆకారం చూస్తే అచ్చం హ్యారీ పోటర్‌లోని మాట్లాడే టోపీ. జావేద్ అహ్మద్, రాజశ్రీ ఖలప్, సుముఖ 2016లో దానికి ‘ఎరియోవిక్సియా గ్రిఫిండోరి’ అని పేరు పెడితే, రచయిత్రి రౌలింగే ట్విట్టర్‌లో అభినందించింది. 2021లో మహారాష్ట్ర సాలీడు ఒకటి ‘ఇసియస్ తుకారామి’ అయింది. 26/11 రాత్రి కసబ్ తుపాకీని వదలకుండా పట్టుకుని ప్రాణమిచ్చిన పోలీసు తుకారాం ఓంబ్లే గుర్తుగా. సొంత పేరు పెట్టుకోవద్దని రూల్ లేదు గానీ, పెట్టుకుంటే పక్కవాళ్లు నవ్వుతారు.

ఇన్ని పేర్ల వెనకా ఒక చావుంది. పేరును మోసే ఆ ఒక్క నమూనాను హోలోటైప్ అంటారు. మన దేశంలో కొత్త జాతి నమూనాను ప్రభుత్వం గుర్తించిన సంస్థలో జమచేయాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది. పేరు పెట్టడానికి చంపడమేంటన్నది నాకూ మొదట మింగుడుపడలేదు. కానీ పేరులేని జీవి సాధారణంగా రెడ్ లిస్టుకెక్కదు. అడవి గుండా రోడ్డు వేసేటప్పుడు ‘ఇక్కడ ఏమేం బతుకుతున్నాయి’ అని రాసే లెక్కలో సరిగ్గా పడదు. సీసాలోని ఆ ఒక్కటి మిగతావాటికి సాక్ష్యం. అందుకే నేను సీసా వైపే.

అయితే పేరు రెండువైపులా కోస్తుంది. మన గుత్తి సాలీడునే చూడండి. నీలం రంగులో మెరిసిపోయే ఈ పెద్ద సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికితే, 1899లో పోకాక్ అనే ఆంగ్లేయుడు ‘పోసిలోథీరియా మెటాలికా’ అన్నాడు. దాని అసలు ఇల్లు గుత్తి కాదు, నంద్యాల – గిద్దలూరు మధ్య అడవి. అక్కడ మళ్లీ కనబడేసరికి వందేళ్లు దాటింది. కట్టెల కోసం చెట్లు కొట్టేస్తుండటంతో 2008లో అది అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న జాతుల్లో చేరింది. మరోపక్క విదేశాల్లో పెంపుడు సాలీడుగా గిరాకీ. 2019లో గానీ దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ రాలేదు.

అరుదైన జీవి అడ్రస్ కచ్చితంగా బయటపెట్టాలా వద్దా అని శాస్త్రవేత్తలే ఇప్పుడు వాదించుకుంటున్నారు. నా ఓటు వద్దనే. అభయారణ్యంలో అనుమతి లేకుండా దేన్నీ పట్టుకోవద్దు, అది నేరం. ఫొటోను ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, సాలీళ్లు తెలిసినవాళ్లు అక్కడ తిరుగుతుంటారు. పెట్టేముందు లొకేషన్ దగ్గర ‘అబ్‌స్క్యూర్డ్’ అనే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కండి.