మందపాటి జాకెట్ మాయ

పోయిన డిసెంబర్లో మా గ్యాంగ్ పాడేరు దగ్గర వంజంగి కొండెక్కింది. మేఘాల పైనుంచి సూర్యోదయం చూద్దామని తెల్లవారుజామున నాలుగున్నరకే నడక మొదలుపెట్టాం. మా రూమ్మేట్ చలికి ముడుచుకుపోతున్నాడని నా మందపాటి జాకెట్ నేనే పట్టుబట్టి వాడికి తొడిగించాను. లోపల కాటన్ టీ షర్ట్, కింద జీన్స్. మెడ దాకా జిప్పు కూడా నేనే లాగాను.

పావుగంటలో వాడికి చెమటలు. "తీసేస్తా మామా" అన్నాడు. "చలిగాలికి జ్వరమొస్తుంది, నోర్మూసుకుని నడు" అన్నాను. పైకెళ్లి కూర్చున్నాక అసలు కథ మొదలైంది. నడక ఆగింది కాబట్టి ఒంట్లో పుట్టే వేడి తగ్గింది. వీపుకి అంటుకున్న తడి టీ షర్ట్ మాత్రం అలాగే ఉంది. కాసేపటికి వాడి పళ్లు టకటకలాడాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. అందరూ సూర్యుడి కోసం ఫోన్లు పైకెత్తిన టైంలో మేమిద్దరం ఓ బండ చాటున ఉన్నాం. నేను వాడి బట్టలు మారుస్తున్నాను. ఆ పది నిమిషాలు నాకెంత భయమేసిందో వాడికి ఇప్పటికీ చెప్పలేదు.

నిజానికి వెచ్చదనం ఇచ్చేది గుడ్డ కాదు, గుడ్డలో చిక్కుకున్న గాలి. కాటన్ తడిస్తే ఆ గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. నీటికి ఉష్ణవాహకత గాలికంటే 20 రెట్లకు పైనే. పైగా ఆ తడి ఆరడానికి కావాల్సిన వేడి కూడా మన ఒంట్లోంచే పోతుంది. హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్షలో ఇదంతా రాసి మార్కులు కొట్టేసిన నేనే కొండ మీద జిప్పు లాగాను!

అందుకే నా వాదన: చలికొండకి ఒక మందపాటిది వద్దు, మూడు పల్చటివి కావాలి. ఒంటికి ఆనుకుని, చెమట పీల్చి పట్టుకోకుండా త్వరగా ఆరే పాలిస్టర్. దాని మీద వెచ్చదనానికి ఉన్ని స్వెట్టరో ఫ్లీసో. ఆపైన గాలినీ వాననీ ఆపేది. ఇదంతా కొనాలంటే ఆస్తులమ్ముకోవాలి అంటారు కొందరు. అవసరమే లేదు. ఆ రోజు మా వాణ్ణి తేరుకునేలా చేసింది ఇంకో ఫ్రెండ్ బ్యాగులో పడున్న వాలీబాల్ జెర్సీ. మనం "చీప్ గుడ్డ" అని తిట్టుకునేదే! దాని మీదకి అమ్మ అల్లిన స్వెట్టర్, పైన బైక్ రెయిన్‌కోట్ చాలు. రెయిన్‌కోట్ మాత్రం ఆగినప్పుడే వేసుకోండి. ఎక్కేటప్పుడు వేస్తే లోపల ఆవిరి స్నానమే.

మే నెల ఎండలో నల్లమల తిరిగేవాళ్లకి ఈ గొడవ లేదు. అక్కడ ఆ తడి చల్లదనమే హాయి, వదులు కాటన్ చొక్కాకి మించింది లేదు.

అసలు కష్టమంతా కొనడంలో లేదు, విప్పడంలో ఉంది. బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తూనే ఉండాలి. చెమట పట్టకముందే ఆగి ఒకటి తీయాలి, పైకి చేరగానే చలేయకముందే మళ్లీ వేసుకోవాలి. "ఏంట్రా, ఫ్యాషన్ షోనా?" అని వెనకాల ఎవడో ఒకడు అంటాడు. అననివ్వండి.

మా వాడు ఈ జనవరిలో మళ్లీ వంజంగి వెళ్దామంటున్నాడు, సూర్యోదయం బాకీ ఉందట. జెర్సీ ఇంకా వాడి దగ్గరే ఉంది. నా జాకెట్ మాత్రం రూంలో దిండుగా సెటిలైపోయింది.